గాజులు చూసి రాసిన తీర్పు

కొత్తగా మున్సిఫు ఉద్యోగంలో చేరిన అమ్మాయిలు ముగ్గురు మొన్న బరంపురంలో మా ఇంటికొచ్చారు. ఇప్పుడు ఆ ఉద్యోగాన్ని సివిల్ జడ్జి అంటున్నారు కానీ నా నోటికి మున్సిఫనే వస్తుంది. టీ తాగి, కాస్త బెరుకు తీరాక, "మేడం, మీరు హైకోర్టు దాకా ఎలా వెళ్లారు? మేమేం చెయ్యాలి?" అని అడిగారు. నేనేదో మందు పేరు చెబుతానన్నట్టు ఒకమ్మాయి పెన్ను కూడా తీసింది. నవ్వొచ్చింది, కొంచెం కోపమూ వచ్చింది. ఇంకా పదిమంది సాక్షుల మొహాలు సరిగా చూడనివాళ్లకు అప్పుడే హైకోర్టున్న కటక్ దారి కావాలి. ఆ వయసులో నేనూ అంతే కాబట్టి కోపం దిగమింగుకుని ఇంకో కప్పు టీ పోశాను.

ఆ పూట వాళ్లకు సరిగా చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. ప్రమోషన్ల పట్టిక రాయను, అది ఆఫీసులో ఎలాగూ ఉంటుంది. మనుషుల పేర్లు మార్చాను. ఏ కోర్టో, ఏ వాడో చెప్పను. మిగతాదంతా జరిగింది జరిగినట్టే రాస్తాను, నా తప్పుతో సహా.

కుర్చీ ఎలా వచ్చింది

మాది పాత్రపూర్ దగ్గర పల్లెటూరు. నాలుగు పొలాలు దాటితే ఆంధ్ర. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కోపమొస్తే రెండూ. నా చిన్నప్పుడే నాన్న పోయాడు. అమ్మే వ్యవసాయం చూసుకుంటూ నన్ను బరంపురంలో లా చదివించింది. మొదటిసారి నల్లకోటుతో ఊళ్లో బస్సు దిగితే మా పెదనాన్న ఎగాదిగా చూసి, "ఏటే, ఈ ఎండలో ఆ కోటేటి? జొరం గానీ వొచ్చినాదా?" అన్నాడు. మా ఊళ్లో నా వృత్తి గురించి విన్న మొదటి అభిప్రాయం అదే.

బరంపురంలో ఒక పెద్ద ప్లీడరుగారి దగ్గర ఐదేళ్లు జూనియరుగా చేశాను. ఆయన నాకు నేర్పినవి రెండు. దస్తావేజు ఆఖరి పేజీ నుంచి చదవమన్నారు. కక్షిదారు మాట్లాడుతుంటే గడియారం వంక చూడొద్దన్నారు. మొదటిది వెంటనే అబ్బింది. రెండోది అబ్బడానికి చాలా ఏళ్లు పట్టింది.

మున్సిఫు ఇంటర్వ్యూ కటక్‌లో. నలుగురు పెద్దమనుషులు కూర్చున్నారు. చట్టం గురించి రెండు ప్రశ్నలు వేసి, "పెళ్లయితే భర్త ఎక్కడుంటే అక్కడికి బదిలీ అడుగుతావా?" అన్నారు. ఈ ప్రశ్న ఆడపిల్లల్నే అడుగుతున్నారని, మగపిల్లల్ని అడగడంలేదని బయట కనుక్కునే లోపలికి వెళ్లాను. "నేనున్న చోటికి ఆయన్నే బదిలీ అడగమంటాను సార్" అన్నాను. ఒకాయన నవ్వాడు. మిగతా ముగ్గురూ ఏదో రాసుకున్నారు. ఉద్యోగమైతే వచ్చింది.

నా మొదటి కోర్టులో కేసులు పిలిచే పేష్కారు ముసలాయన, ఒడియా ఆయన. అంతకుముందు ఆడ జడ్జిని చూసి ఎరగడు. ప్రతి మాటకూ మన చిత్తంలాగా "ఆజ్ఞా సార్" అనేవాడు. మొదటిరోజు పిలిచి, సార్ కాదు మేడం అనాలని చెప్పాను. "ఆజ్ఞా మేడం" అని వెళ్లాడు, మధ్యాహ్నానికి మళ్లీ సార్‌కే వచ్చేశాడు. ఆరునెలలు చూసి నేనే ఊరుకున్నాను.

ఇక హైకోర్టు మాట. జిల్లా జడ్జిగా ఉన్నప్పుడు నా పేరు పరిశీలనకు వెళ్లింది. నేను రాసిన తీర్పుల్లో నాకు ముఖ్యమనిపించినవి కొన్ని పంపమన్నారు. అందరూ పై కోర్టు మెచ్చుకున్నవే ఏరి పంపుతారు. నేనూ పంపాను. వాటితో పాటు మున్సిఫుగా మొదటి ఏడు రాసిన ఒక తీర్పును, దాన్ని రద్దుచేస్తూ అప్పటి జిల్లా జడ్జిగారు రాసిన ఉత్తర్వును కలిపి కుట్టి పంపాను. కొన్నాళ్లకు ఒక పెద్ద జడ్జిగారు ఛాంబరుకు పిలిచి ఆ కట్ట నా ముందు పెట్టారు. "ఇది పొరపాటున వచ్చినట్టుంది. రద్దయిన తీర్పు" అన్నారు. "పొరపాటు తీర్పులో ఉంది సార్, పంపడంలో లేదు" అన్నాను. ఆయన కళ్లజోడు తీసి బల్లమీద పెట్టి, "కూర్చోండి. చెప్పండి" అన్నారు. అరగంట చెప్పాను.

ఆ అరగంట వల్ల నన్ను తీసుకున్నారో, అది విన్నా కూడా పోనీలెమ్మని తీసుకున్నారో నాకు తెలియదు. రాష్ట్రపతి సంతకంతో కాయితం వచ్చింది. అమ్మ దాన్ని తలకిందులుగా పట్టుకుని కాసేపు చూసి దేవుడి గూట్లో పెట్టింది. పదవీ విరమణ దాకా మిగిలిన కాస్త కాలం ఆ కుర్చీలో కూర్చున్నాను. కుర్చీ మెత్తగానే ఉంటుంది. అయితే అక్కడికి సాక్షులు రారు, వాళ్లు చెప్పినదాని నకళ్లు వస్తాయి. మనిషి మొహం చూస్తూ వినే అదృష్టం మీ చిన్న కోర్టులోనే ఉంది. ఆ అదృష్టాన్ని నేనెలా పాడుచేసుకున్నానో, ఆ పెద్దాయనకు చెప్పిందే మీకూ చెబుతున్నాను.

నూకమ్మ దావా

మున్సిఫునై ఏడాది తిరగలేదు. సముద్రానికి దగ్గరగా ఉన్న చిన్న కోర్టు. నూకమ్మ అనే ఆమె దావా వేసింది. గంపలో చేపలు పెట్టుకుని ఛత్రపూర్ వీధుల్లో అమ్ముకునే మనిషి, నలభై లోపే ఉంటుంది. ఆమె భర్త లచ్చయ్య అంతకు తొమ్మిదేళ్ల కిందట ఇంకో ఇద్దరితో కలిసి తెప్పమీద వేటకు వెళ్లాడు. గాలి లేచింది. నాలుగో రోజుకు ఆ ఇద్దరి శవాలూ ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. లచ్చయ్య రాలేదు.

అంతకుముందెప్పుడో ఒక తుపాను తరవాత సర్కారు కట్టించి ఇచ్చిన ఇల్లు ఒకటి లచ్చయ్య పేరున ఉంది. ఒక గది, ముందు వసారా. పిల్లల్లేరు. లచ్చయ్య తమ్ముడు దాలయ్య పెళ్లాం పిల్లలతో ఆ ఇంట్లో చేరాడు, మొదట వదినకు తోడంటూ, తరవాత ఇంటి యజమానిలా. అన్న బతికే ఉన్నాడు, సూరత్‌లో ఉన్నాడు, వచ్చేదాకా ఇల్లు నా కాపలా, వదిన పుట్టింటికి పోవచ్చు అన్నాడు. నూకమ్మకు వెళ్లడానికి పుట్టిల్లు లేదు. ఆ గది పోతే ఆమె తలదాచుకునే చోటు ఇంకెక్కడా లేదు. అందుకని ఆమె కోర్టును అడిగింది రెండే: తన భర్త చనిపోయినట్టు చెప్పాలి, ఇల్లు తనదని చెప్పాలి.

చట్టం కష్టమైనదేమీ కాదు. ఒక మనిషి గురించి అయినవాళ్లెవరికీ ఏడేళ్లు కబురు లేకపోతే చనిపోయినట్టు భావించవచ్చు. లేదు, బతికే ఉన్నాడనేవాడే దాన్ని రుజువు చెయ్యాలి. లా మొదటి ఏడు పిల్లలకు కూడా తెలుసు.

నూకమ్మ సాక్ష్యానికి వచ్చిన రోజు గంప స్టేషన్ దగ్గర ఎవరికో అప్పజెప్పి వచ్చింది. అయినా వాసన ఆమె వెంటే వచ్చింది, ముందు వరస ప్లీడర్లు ఒకరిద్దరు కుర్చీలు జరుపుకున్నారు. ఆమె బోనులో నిలబడి కటకటాల మీద చేతులు పెట్టింది. రెండు చేతులకీ ఎర్రగాజులు, మోచేతికి బెత్తెడు దూరం దాకా. మొహాన పెద్ద బొట్టు. కోర్టు మొత్తం వాటినే చూసింది, నేనూ చూశాను.

దాలయ్య ప్లీడరు గట్టివాడు. ఆయన ఒడియాలో అడుగుతుంటే ఆమె తెలుగులో చెబుతోంది. నాకు రెండూ వచ్చు, దుబాసీ అక్కర్లేదు. ఆ సంగతి నాకప్పుడు చాలా గర్వంగా ఉండేది.

"నీ చేతులకు ఉన్నవేమిటి?"

"గాజులు."

"ఎవరి కోసం వేసుకున్నావు?"

ఆమె తన చేతులు చూసుకుంది.

"నీ మొగుడు చనిపోయాడని నువ్వు నమ్ముతున్నావా? అవునో కాదో చెప్పు."

"నాకేటి తెల్సు బాబూ. ఎల్లినోడు రానేదు."

ఆయన నా వైపు తిరిగి, చిన్నగా తల వంచి కూర్చున్నాడు. ఆ తరవాత దాలయ్య తరఫున ఒకతను సూరత్‌లో మగ్గాల దగ్గర లచ్చయ్యను చూశానన్నాడు. నూకమ్మ ప్లీడరు కొత్తవాడు, అతన్ని గట్టిగా అడగలేదు. అడగాల్సిన కుర్చీలో ఉన్న నేనూ అడగలేదు.

ఎందుకు అడగలేదంటే, నాకు తెలుసు కాబట్టి. మా నాన్న పోయిన పదోరోజున మా అమ్మ చేతి గాజులు చుట్టాలు తీసేశారు. నాకు తొమ్మిదేళ్లు, తలుపు వెనక నిలబడి చూశాను. మా వైపు మొగుడు పోయిన మనిషి చేతికి గాజులు ఉండడం నేనెన్నడూ ఎరగను. నూకమ్మ మాట్లాడేది నా తెలుగే. మా ఊరికీ వాళ్ల వాడకీ మధ్య ఒక పూట బస్సు ప్రయాణం. ఇక అడగడానికి ఏముంది అనుకున్నాను.

పదకొండు పేజీల తీర్పు రాశాను. 'వాది నోరు ఒకటి చెబుతోంది, చేతులు మరొకటి చెబుతున్నాయి' అని ఇంగ్లీషులో ఒక వాక్యం పడింది. దాన్ని మూడుసార్లు చదువుకుని మురిసిపోయాను, పక్క కోర్టు మున్సిఫుకు కూడా చదివి వినిపించాను. తీర్పులో మీకు బాగా నచ్చిన వాక్యం ఎక్కడైనా పడితే అక్కడ ఆగి, ఇది సాక్ష్యంలోంచి వచ్చిందా, నా మురిపెంలోంచి వచ్చిందా అని చూసుకోండి. నేను చూసుకోలేదు. దావా కొట్టేశాను.

తీర్పు చదివిన రోజు నూకమ్మ ఇంగ్లీషు అర్థంకాక పేష్కారు వంక చూసింది. ఆయన ఒడియాలో, లచ్చయ్య చనిపోయినట్టు కోర్టు ఒప్పుకోలేదని చెప్పాడు. ఆమె మొహం ఒక్కసారి విచ్చుకుంది. రెండడుగులు ముందుకొచ్చి నన్నే అడిగింది.

"అమ్మా, అయితే మా మావ బతికే ఉన్నాడేటి? ఎక్కడున్నాడో సెప్పు తల్లీ. నాను ఎల్లి తెచ్చుకుంటాను."

తరవాతి కేసు పిలవమన్నాను. ఆమెను నెమ్మదిగా పక్కకు తీసుకెళ్లారు. ఇన్నేళ్ల ఉద్యోగంలో నన్ను చాలామంది చాలా మాటలన్నారు. ఒకతను తీర్పు విని నాకు శాపనార్థాలు పెట్టాడు కూడా. ఏదీ ఆ ప్రశ్నంత గుచ్చుకోలేదు.

జిల్లా జడ్జిగారి మరమరాలు

నూకమ్మ అప్పీలు వేసింది. ఈలోగా దాలయ్య ఆమె సామాను గదిలోంచి వసారాలో పెట్టించాడు. కోర్టు తీర్పు తనకే అనుకూలమని వాడలో అందరికీ చెప్పుకున్నాడట. అతని ధైర్యం వెనక నా పదకొండు పేజీలే ఉన్నాయి.

అప్పటి జిల్లా జడ్జిగారు ఒడియా ఆయన. రోజూ మధ్యాహ్నం ఛాంబరులో మరమరాల్లో ఉల్లిపాయ ముక్కలు కలుపుకుని తినేవారు. ఆయన కోపిష్టి. ప్లీడర్లు ఆయన ముందు వాయిదా అడగాలంటే ఇంట్లో దండం పెట్టుకుని వచ్చేవారు. నన్ను ఛాంబరుకు పిలిచారు. గిన్నె నా వైపు జరిపారు. ఒడియాలో పెద్దవాళ్లు కూతురి వయసు పిల్లను 'మా' అని పిలుస్తారు, ఆయనా అలాగే పిలిచారు.

"మా, గాజులు ఎందుకు తియ్యలేదని ఆమెను అడిగావా?"

"లేదు సార్."

"ఎందుకని?"

"నాకు తెలుసనుకున్నాను సార్. మావాళ్లే కదా."

ఆయన కోప్పడలేదు. నాకు అదే ఎక్కువ భయమేసింది.

"చూడు. నేను ఒడియావాణ్ణి, బ్రాహ్మణ శాసనంలో, మీ మాటలో అగ్రహారంలో, పుట్టాను. ఆ బెస్తవాడలో చావుకు ఏం చేస్తారో నాకు తెలియదు. నా ముందుకొస్తే తెలియదు కాబట్టి అడిగేవాణ్ణి. నువ్వు తెలుగుదానివి కాబట్టి అడగలేదు. మీ ఇద్దరిదీ ఒకే భాష కావడం ఆమె దురదృష్టం."

నాకు తల కొట్టేసినట్టయింది. ఇంకోమాట కూడా అన్నారు: రుజువు చెయ్యాల్సిన బరువు దాలయ్యది, దాన్ని తీసి ఆమె నెత్తిన పెట్టావు, చేపల గంప మోసేది కదా మొయ్యగలదనుకున్నావా అని. నా తీర్పు రద్దుచేసి, సాక్ష్యం మళ్లీ తీసుకోమని నాకే తిప్పి పంపారు.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. అందరూ ఆయన చేసింది గొప్ప పని అంటారు. నాకు గొప్ప మేలే చేశారు. నూకమ్మకు కాదు. ఆయనే డిక్రీ ఇచ్చి ఉంటే ఆమె ఆ వానాకాలమంతా వసారాలో తడిసేది కాదు. నాకు బుద్ధి రావడానికి ఆమె ఇంకో ఎనిమిది నెలలు ఆగింది. తరవాత నేను జిల్లా జడ్జినయ్యాక, మున్సిఫులకు పాఠం చెప్పాలనిపించినప్పుడల్లా ఛాంబరుకు పిలిచి చెప్పాను, కేసు తిప్పి పంపడం మాత్రం బాగా తగ్గించాను.

ఆ వారం ఇంటికి వెళ్లి అమ్మకు జరిగింది చెప్పాను. అమ్మ చిక్కుళ్లు వలుస్తోంది. నా తప్పేమిటో, జిల్లా జడ్జిగారు ఏమన్నారో అంతా విని, తల ఎత్తకుండానే అంది.

"మరి నా గాజులు తీసినప్పుడు నన్నెవులైనా అడిగినారేటి? అడిగితే నానేటందునో."

అమ్మ ఆ మాట అంతకుముందు ఎప్పుడూ అనలేదు. నేనూ ఎప్పుడూ అడగలేదు. ఆమె చేతుల వైపు చూడలేక నేనూ చిక్కుళ్లు వలవడం మొదలుపెట్టాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా.

ఇసుకలో విన్నది

రెండోసారి విచారణలో ఇల్లు చూడాలని ఇద్దరి ప్లీడర్లకూ నోటీసిచ్చి ఆ వాడకు వెళ్లాను. జీపు ఇసుకలో దిగబడితే మిగతా దారి నడిచాం. ఇల్లు చూశాను. గదిలో దాలయ్య, పెళ్లాం, ముగ్గురు పిల్లలు. వసారాలో తడిక అడ్డం పెట్టుకుని నూకమ్మ. దాలయ్యను నేను దుర్మార్గుడని రాయను. ఐదుగురు మనుషులు ఆ గదిలో కాళ్లు చాపుకోలేరు, అది కూడా కళ్లతో చూస్తేనే తెలిసింది.

బయట ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ముసలాయన లేచి దండం పెట్టాడు. ఆ వాడకు కులపెద్ద, పేరు ఎర్రయ్య. మొదటి విచారణలో ఆయన్ని ఎవరూ పిలవలేదు. నేను రెండు పక్షాల ప్లీడర్ల ముందే అడిగాను, మొదటిసారి అడగాల్సిన ప్రశ్న.

"పెద్దయ్యా, నూకమ్మ గాజులు ఎందుకు తియ్యలేదు?"

ఆయన నన్ను వింతగా చూశాడు, ఇంత మాత్రం తెలీదా అన్నట్టు.

"ఆ పిల్ల తియ్యడమేటమ్మా? తియ్యాల్సినోల్లం మేం కదా. సెవం దొరికిన ఇద్దరి పెళ్లాలకీ పదో రోజున తీసీసినాం. దొరకనోడి పెళ్లానికి ఎలగ తీత్తాం?"

"ఎన్నేళ్లయినా అంతేనా?"

"మా తాత నాటి మాట సెప్తాను ఇను. ఒకడు పడవ మునిగి పోనాడనుకున్నారు. ఆడి పెళ్లానికి గాజులు తీసీసినారు. మూడేళ్లకి ఆడు బర్మాలో రంగం నుంచి వొచ్చి ఓడ దిగినాడు. ఆ పిల్ల సేతులు సూసి ఆడు ఏడ్సిన ఏడుపు వాడంతా ఇన్నాదంట. అప్పట్నుంచి కట్టు. ఒడ్డుకి రానోడి పెళ్లాం గాజులు మేం ముట్టం."

"మరి ఈమె ఎప్పటిదాకా ఇలా ఉండాలి?"

"సర్కారు కాయితం వొస్తే తీత్తాం. పోనాడని సర్కారే అంటే మా మీద పాపం ఉండదు కదా. దావా ఏసినాదంటే, అమ్మయ్య, కాయితం వొచ్చీత్తాదనుకున్నాం. మరి మీరు ఇయ్యనేదు."

వాళ్లు గాజులు తియ్యడానికి నా కాయితం కోసం ఆగారు. నేను కాయితం ఇవ్వడానికి గాజులు తియ్యడం కోసం ఆగాను. మధ్యలో ఒక మనిషి తొమ్మిదేళ్లు దాటి నిలబడి ఉంది, ఇల్లాలూ కాక, వితంతువూ కాక. ఆమె నాతో అబద్ధం ఒక్కటీ చెప్పలేదు. తెలియదని ఆమె అంటే తెలియకపోవడమే, చట్టం కోరిందీ అంతే.

ఒడ్డున విన్నది సాక్ష్యం కాదు. "ఇదంతా కోర్టుకొచ్చి చెప్పాలి పెద్దయ్యా" అన్నాను. "ఎందుకు సెప్పనమ్మా, ఇన్నాల్లూ ఎవులూ అడగనేదు" అన్నాడాయన.

రెండో తీర్పు

ఎర్రయ్య కొత్త పంచె కట్టుకుని వచ్చి బోనెక్కి అదే మాట చెప్పాడు. దాలయ్య ప్లీడరు గంటసేపు అడిగినా ఆయన మాట మారలేదు.

తరవాత సూరత్ సాక్షి. మా గంజాం జిల్లాలో కనబడని ప్రతి మనిషీ ఎవరికో ఒకరికి సూరత్‌లో కనబడతాడు. అంతమంది వెళ్లారు అక్కడికి. ఈసారి నేనే అడిగాను.

"లచ్చయ్యతో మాట్లాడావా?"

"నేదమ్మా. నాను బస్సులో ఉన్నాను."

"అతను?"

"రోడ్డు మీద ఎల్తన్నాడు."

"మొహం చూశావా?"

అతను దాలయ్య వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"ఎనకనుంచి సూసినానమ్మా. భుజాలు ఆడివిలాగే ఉన్నాయి."

కోర్టులో ఎవరో కిసుక్కుమన్నారు. నాకు నవ్వు రాలేదు. ఈ మాత్రం ప్రశ్నలు మొదటిసారే అడగడానికి నాకు చదువేమీ తక్కువ కాలేదు. ఆ భుజాలను నమ్మి నేను ఒక మనిషిని వసారాలోకి నెట్టాను.

ఈసారి తీర్పు నాలుగు పేజీలే. అందమైన వాక్యం ఒక్కటీ లేదు. ముందు తెలుగులో చెప్పి తరవాత ఇంగ్లీషు చదివాను. అది పద్ధతి కాదని పక్క మున్సిఫు అన్నాడు. అర్థంకాని భాషలో మనిషి బతుకు తేల్చడం ఏం పద్ధతో ఆయనే చెప్పాలి. అప్పట్నుంచి నేను కింది కోర్టులో ఉన్నన్నాళ్లూ ఓడినవాళ్లకీ గెలిచినవాళ్లకీ వాళ్ల భాషలో రెండు ముక్కలు చెప్పే లేచాను. మీరూ చెప్పండి, అయిదు నిమిషాలు పడుతుంది.

"నూకమ్మా, ఏడేళ్లు దాటి ఎవరికీ కబురు లేదు కాబట్టి నీ భర్త చనిపోయినట్టే కోర్టు భావిస్తుంది. నిజంగా ఏం జరిగిందో కోర్టుకు కూడా తెలియదు. ఇల్లు నీది. దాలయ్య మూడు నెలల్లో ఖాళీ చెయ్యాలి. పోయినసారి నేను రాసింది తప్పు."

ఆఖరి మాట తీర్పులో లేదు, నోటితోనే అన్నాను. పేష్కారు ఉలిక్కిపడి నా వైపు తిరిగాడు. జడ్జి ఆ మాట అంటే కుర్చీ విలువ తగ్గుతుందని నాకు చాలామంది చెప్పారు. తగ్గిన జాడ నాకెక్కడా కనబడలేదు.

నూకమ్మ ఏడవలేదు. "ఇల్లు నాదా అమ్మా?" అంది. "నీదే" అన్నాను. దాలయ్య వంక తిరిగి, "గది నాను తీసుకుంటాను. పిల్లల్ని వానలో ఎక్కడికి తీసుకెల్తావు, వసారాలో ఉండు, ఇంకో సోటు సూసుకున్నదాకా" అంది. అతను తల వంచుకున్నాడు.

అప్పుడు వెనక నుంచి ఎర్రయ్య లేచి చేతులు జోడించాడు. వాడవాళ్లు ఐదారుగురు ఆయన పక్కన నిలబడ్డారు.

"అమ్మా, కాయితం వొచ్చినాది కదా. రేపే మంచి రోజు. ఒడ్డుకి తీసుకెల్లి గాజులు తీసీమంటారా?"

ఆయన అడిగింది నన్ను. కోర్టంతా నా వైపే చూసింది. ఏదో ఒకటి చెప్పేద్దామని నోరు తెరిచాను కూడా. తెరిచి, ఆమె వైపు చూశాను.

"నూకమ్మా, నువ్వేమంటావు?"

ఆ ప్రశ్న తననే అడిగారని నమ్మకం కుదరనట్టు ఇటూ అటూ చూసింది. తరవాత ఎర్రయ్య వైపు తిరిగింది. గొంతు పెద్దది కాదు గానీ ఆఖరి బెంచీ దాకా వినబడింది.

"పెద్దయ్యా, ఇన్నేళ్లూ మా మావ కోసం ఆగినారు. కోర్టు కాయితం కోసం ఆగినారు. ఇప్పుడు నా కోసం ఆగండి."

ముసలాయన ఆమెను చూశాడు, నన్ను చూశాడు. జోడించిన చేతులు నా వైపు నుంచి ఆమె వైపు తిప్పాడు.

"అలగేనమ్మా" అన్నాడు. "నువ్వెప్పుడంటే అప్పుడే."